ఇంజనీరు కాకపోయినా ఇంటి కట్టుబడి నేర్చుకోవడం ఎలా?

మా ప్రొద్దుటూరు ఇంట్లో చేరిన రెండో వానాకాలానికి హాలు మధ్యలో బండలు పూరీలా పొంగాయి. మధ్యలో ఎత్తు, అంచుల్లో పల్లం, పిల్లోడు గోలీ వదిలితే ఎటుపడితే అటు దొర్లిపోయేది. బండలు వేసినవాళ్ళ తప్పే అనుకుని వాళ్ళతో పెద్ద గొడవ పెట్టుకున్నా. నాలుగు బండలు లేపి తవ్వి చూస్తే అసలు సంగతి బయటపడింది: పునాది గుంతల్లోంచి తీసిన, తడిస్తే ఉబ్బే నల్లరేగడినే మా కాంట్రాక్టరు తిరిగి బేస్‌మట్టంలో నింపేశాడు, గరుసు తోలించే ఖర్చు మిగులుతుందని. ఆ మట్టి నింపిన రోజు నేను అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుని, టీ తాగుతూ, అంతా చూస్తూనే ఉన్నా. చూస్తున్నది ఏమిటో మాత్రం నాకు తెలియలేదు.

నేను సివిల్ చదవలేదు, బట్టల అంగడి నడుపుకుంటాను. ఆ దెబ్బ తర్వాత ఆదివారాలు పెట్టుకుని ఏడాదిన్నర తిరిగి నేర్చుకున్నా, తర్వాత అనంతపురంలో మా చెల్లెలి ఇల్లు దగ్గరుండి కట్టించా. మూడు నాలుగు సెంట్ల జాగాలో చిన్న ఇల్లు కట్టుకోబోయేవాళ్ళు, సూపర్‌వైజర్ పనికి పోదామనుకునే కుర్రాళ్ళు, డిప్లొమా చదువుతున్నా ఇటుక చేత్తో పట్టనివాళ్ళు, ఎవరైనా ఇదే వరసలో నేర్చుకోవచ్చు. ఏ ఇంటి ముందు నిలబడినా మనసులో రెండు ప్రశ్నలు వేసుకోండి. కప్పు బరువు ఏ దారిన నేలకు దిగుతోంది? కప్పు మీద పడ్డ నీళ్ళు ఏ దారిన బయటికి పోతున్నాయి? మిగతావన్నీ వీటి చుట్టూ తిరిగేవే.

1. ముందు పాత మిద్దె ఎక్కండి

పుస్తకం ఇప్పుడే తెరవొద్దు, యూట్యూబ్ కూడా వద్దు. మొదటి ఆదివారం మీ ఊళ్ళోనో మీ అవ్వ ఊళ్ళోనో ఇంకా నిలబడి ఉన్న మట్టి మిద్దె ఒకటి వెతుక్కోండి. మన కడప, కర్నూలు, అనంతపురం పల్లెల్లో ఇప్పటికీ దొరుకుతాయి. "మిద్దె చూసి పోతానవ్వా" అంటే ఎవరూ కాదనరు, మజ్జిగ కూడా ఇస్తారు.

లోపల నిలబడి పైకి చూడండి. స్తంభాల మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దగ్గరదగ్గరగా దంతెలు, వాటి మీద బండలో కట్టెలో బోదో పరిచి, దాని మీద మందంగా మట్టి, అన్నిటికీ పైన చౌడు. ఇనప కడ్డీ ఒక్కటి కూడా కనపడదు. మట్టి నుంచి దంతెకు, దంతె నుంచి దూలానికి, దూలం నుంచి స్తంభానికో గోడకో, అక్కడి నుంచి నేలకు, బరువు దిగే దారి మొత్తం వేలితో చూపించొచ్చు. కొత్త ఇళ్ళలో ఈ దారి ప్లాస్టరింగ్ వెనక దాక్కుని ఉంటుంది, అందుకే మిద్దెతో మొదలుపెట్టమంటున్నా. మూరెడు దాటిన ఆ గోడ మందం టేపుతో కొలిచి రాసుకోండి. మట్టితో పేర్చిన రాతి గోడకు అతుకు బలం తక్కువ, కాబట్టి నిలబడడానికి లావు కావాలి. ఆ లావే ఏప్రిల్, మే నెలల్లో లోపల చల్లగా ఉంచుతుంది.

తర్వాత నిచ్చెన వేసుకుని పైకి ఎక్కండి. అన్ని మట్టుల్లో చౌడే ఎందుకు వేశారు? చౌడులో సోడియం ఉప్పులు ఎక్కువ. తడి తగలగానే మట్టి రేణువులు విడిపోయి సన్నని సందుల్లోకి జారి వాటిని మూసేస్తాయి, నీళ్ళు కిందికి ఇంకవు. ఏ చేలో పంటకు పనికిరాదో ఆ మట్టిని తెచ్చి నెత్తిన పెట్టుకున్నారు మనవాళ్ళు. వానలకు ముందు మళ్ళీ ఒక వరస చల్లడం, వాలు తూము వైపే ఉండేలా సర్దడం ఏటేటా చేసే పని. ఆ పని ఆగిపోయిన మిద్దెలే ఎక్కువగా కూలాయి.

అదే వీధిలో ఇరవై ఏళ్ళ కిందటి స్లాబ్ ఇల్లు కూడా చూడండి, దాని పగుళ్ళు చదవండి. గోడలో మెట్లు మెట్లుగా వాలుగా పోయిన పగులు కనిపిస్తే పునాది ఒక పక్క దిగిందనో లేచిందనో అనుమానించాలి. స్లాబ్ కిందుగా, గోడ పైఅంచున అడ్డంగా పోయిన గీత ఎండకు స్లాబ్ సాగి ముడుచుకోవడం వల్ల వస్తుంది. పిల్లరుకూ ఇటుకకూ మధ్య నిలువు గీత రెండు సరుకులు కలిసే చోట వచ్చేది, ప్లాస్టరింగ్‌కు ముందు అక్కడ కోళ్ళ జాలీ కొడితే చాలావరకు తగ్గుతుంది. సజ్జ కింద గోధుమ రంగు మరకతో పెచ్చులూడుతుంటే లోపల ఇనుము తుప్పు పట్టింది. ఒక్క వీధిలో నాలుగు రకాలూ దొరుకుతాయి, మా వీధిలో అయితే మా ఒక్క ఇంట్లోనే మూడు దొరికాయి.

2. సంచిలో ఏముండాలి

ఐదు మీటర్ల టేపు, గోడ నిటారు చూసే దారం గుండు ఒకటి, పది పదిహేను మీటర్ల సన్నని తెల్ల పైపు, రెండు మూడు గాజు సీసాలు, వంటింటి డిజిటల్ తూకం, ఒక మేకు, సుద్దముక్క, నోటుబుక్కు. పైపులో నీళ్ళు నింపితే అదే లెవెల్. లోపల గాలి బుడగ ఉంటే అబద్ధం చెప్తుంది, ఊది తీసేయండి. వెయ్యి రూపాయల్లోపు పని.

3. మట్టి పరీక్ష

కర్నూలు, నంద్యాల వైపు, మా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు ఎక్కువగా నల్లరేగడి. అనంతపురంలో ఎక్కువ భాగం ఎర్ర నేల, అడుగున గట్టి గరుసో రాయో తగులుతుంది, తాడిపత్రి వైపు పోతే మళ్ళీ నల్లరేగడి వస్తుంది. ఒకే ఊళ్ళో రెండు వీధులకు తేడా ఉంటుంది కాబట్టి ఊరి పేరు చూసి నమ్మొద్దు, మీ జాగాలోని మట్టినే చూడండి.

ఇంట్లో చేసే పరీక్ష ఒకటుంది. మట్టిని బాగా ఎండబెట్టి నలిపి సన్న జల్లెడ పట్టండి. ఒకే కొలతవి రెండు సన్నని గాజు సీసాలు తీసుకుని రెండింటిలోనూ సమానంగా రెండు చెంచాల మట్టి వేసి, ఒకదాంట్లో నీళ్ళు, ఇంకోదాంట్లో కిరోసిన్ పోసి బాగా కలిపి ఒక రోజు కదపకుండా వదిలేయండి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్ళలో ఉబ్బుతుంది. మర్నాడు రెండు సీసాల్లో మట్టి ఎత్తు కొలిచి పోల్చండి. ల్యాబులో పది గ్రాముల మట్టితో, గీతలున్న గాజు గొట్టాల్లో చేసే పరీక్షకు ఇది ఇంటి రూపం. మా హాలు కింది మట్టి నీళ్ళ సీసాలో కిరోసిన్ సీసా కంటే దాదాపు రెండింతలు లేచింది. ఆ సీసాను చాలా రోజులు అంగట్లో గల్లాపెట్టె పక్కనే పెట్టుకున్నా, అడిగినవాళ్ళందరికీ చూపించడానికి.

నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిచ్చి ముడుచుకుంటుంది, వానకు ఉబ్బి పైకి నెడుతుంది, ఇల్లంతా ఒకేలా నెట్టదు కాబట్టి గోడ చీలుతుంది. దీనికి మందు ఆ మట్టిని దాటి గట్టి పొర దాకా పునాది దించడం. పొర మరీ లోతుగా ఉంటే అడుగున ఉల్లిగడ్డలా లావుగా ఉండే పైల్స్, అంటే నేలలోకి దించే కాంక్రీటు స్తంభాలు వేస్తారు. ఆ గడ్డ వ్యాసం కాడకు మామూలుగా రెండున్నర రెట్లు, లోతు మూడున్నర మీటర్ల వరకూ పోతుంది, ఆ లోతులో ఎండావానల తేడా పెద్దగా తెలియదు. వాటి మీద గోడలను మోసే ప్లింత్ బీము, బీము కింద కాస్త ఖాళీ. బేస్‌మట్టంలో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఆ నల్లమట్టి వద్దు. గరుసు తోలించి, అరడుగు వరసలుగా పరిచి, తడిపి, దిమ్మిస వేయించండి. ఇంటి చుట్టూ నీళ్ళు నిలవకుండా సిమెంటు అరుగు వేయించుకోవడం మరిచిపోవద్దు.

4. సరుకును చేత్తో పట్టి నేర్చుకోవడం

ఇక్కడ నిదానంగా వెళ్ళండి, వారానికి ఒక్క సరుకు చాలు. అంగడివాడు చెప్పింది, మేస్త్రీ చెప్పింది, నేను చెప్పింది కూడా నమ్మకుండా మీరే చేసి చూడండి.

ఇసుక. సీసాలో సగానికి ఇసుక పోసి, చిటికెడు ఉప్పు కలిపిన నీళ్ళు నింపి, బాగా ఊపి మూడు గంటలు వదిలేస్తే మట్టి, బురద పైపొరగా తేలిపోయి కూర్చుంటుంది. ఆ పొర ఇసుక ఎత్తులో ఎనిమిది శాతం దాటితే ఆ లోడు వెనక్కి పంపండి. రాయి పొడికొట్టి చేసే రోబో శాండ్ అయితే ఇంకో తంటా, క్రషర్ డస్టును రోబో శాండ్ అని అంటగట్టేవాళ్ళు ఉన్నారు. డస్టు చేతిలో పిండిలా అంటుకుంటుంది, అసలు సరుకు గరుగ్గా గింజలు గింజలుగా ఉంటుంది.

ఇసుకలో చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. తడి ఇసుక ఉబ్బుతుంది, రేణువు చుట్టూ నీటిపొర చేరి ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. నిలువు గోడలున్న డబ్బాలో తడి ఇసుక 20 సెంటీమీటర్ల ఎత్తు నింపండి. దాన్ని తీసి పక్కన పెట్టి, డబ్బాలో సగం నీళ్ళు పోసి, ఆ ఇసుకనే మెల్లగా వేసి కలపండి. పూర్తిగా మునిగిన ఇసుక 16 సెంటీమీటర్లకు దిగిందనుకోండి, నాలుగును పదహారుతో భాగిస్తే 25 శాతం ఉబ్బు. ట్రాక్టరులో మీరు డబ్బులిచ్చి కొన్నది కొంత గాలి అన్నమాట! డబ్బుల సంగతి అటుంచండి, ఈ లెక్క తెలియకుండా డబ్బాలతో కొలిచి కాంక్రీటు కలిపితే ఇసుక తక్కువ పడుతుంది.

ఎట్లాగంటే, ఇళ్ళకు వాడే ఎం20 కాంక్రీటును చేత్తో కొలిచి కలిపేటప్పుడు ఒక వంతు సిమెంటుకు ఒకటిన్నర ఇసుక, మూడు కంకర. 50 కిలోల సిమెంటు బస్తా 35 లీటర్ల జాగా పడుతుంది, కాబట్టి 35 లీటర్లు పట్టే చెక్కపెట్టె ఒకటి చేయించండి, 30 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 39 ఎత్తు. బస్తాకు ఒకటిన్నర పెట్టె ఇసుక, మూడు పెట్టెల కంకర. ఇసుక పావు వంతు ఉబ్బి ఉంటే ఒకటిన్నర బదులు దాదాపు 1.9 పెట్టెలు వేయాలి. నీళ్ళు బస్తాకు 30 లీటర్లకు మించకూడదు, ఇసుకలో ఉన్న తడి కూడా ఆ ముప్పైలోనే లెక్క. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే స్లాబ్ రోజు పనికొస్తుంది.

సిమెంటు. ఎర్రగుంట్ల, తాడిపత్రి చుట్టుపక్కల ఇన్ని ఫ్యాక్టరీలు ఎందుకున్నాయంటే నేలంతా సున్నపురాయి. బస్తా మీద ఐఎస్ఐ గుర్తు, తయారైన వారం, సంవత్సరం చూడండి. మూడు నెలలు దాటితే పిల్లర్లకూ స్లాబుకూ వద్దు. చెయ్యి లోపలికి దూర్చితే చల్లగా ఉండాలి, గడ్డలు తగలకూడదు. ఓపీసీ (మామూలు సిమెంటు) తొందరగా బలం పుంజుకుంటుంది, పీపీసీ (బూడిద లాంటివి కలిపిన సిమెంటు) నిదానంగా, అందుకే పీపీసీకి నీళ్ళు ఎక్కువ రోజులు పట్టాలి. దీనిమీద అంగళ్ళ దగ్గర జరిగే వాదనలు వినోదానికి వినండి.

నీళ్ళు. అనంతపురంలో మా చెల్లెలి జాగాలో బోరు నీళ్ళు నోట్లో వేసుకుంటేనే ఉప్పన. ఇనుమున్న కాంక్రీటుకు వాడే నీళ్ళలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెప్తుంది. ఒక బాటిల్ ల్యాబుకు పంపితే తేలిపోతుంది. మేము పిల్లర్లకూ స్లాబుకూ ట్యాంకరు తెప్పించాం. ఆ ఖర్చుకు మా బావ వారం రోజులు ముఖం ముడుచుకున్నాడు.

ఇటుక. గోరుతో గీస్తే గీత పడకూడదు, రెండు ఇటుకలు కొట్టుకుంటే గంటలా మోగాలి, మూడడుగుల ఎత్తు నుంచి గట్టినేల మీద వదిలితే పగలకూడదు. తూకం వేసి, ఒక రోజంతా నీళ్ళలో ముంచి, మళ్ళీ తూకం వేయండి. మూడు కిలోల ఎర్ర ఇటుక 3.6 కిలోలు దాటిందంటే 20 శాతానికి మించి నీళ్ళు తాగినట్టు, వద్దు. మన దగ్గర ఆర్టీపీపీ థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద ఉంది కాబట్టి ఫ్లైయాష్ ఇటుకలు బాగా దొరుకుతాయి. అంచులు నీటుగా ఉంటాయి, కొలత ఒకేలా ఉంటుంది, ప్లాస్టరింగ్ పలచగా సరిపోతుంది. అయితే సరిగా క్యూరింగ్ చేయకుండా, అంటే తగినన్ని రోజులు తడపకుండా లారీ ఎక్కించిన ఇటుక చేతిలో పొడి పొడిగా రాలుతుంది, తయారుచేసే చోటికే పోయి చూసి కొనండి.

ఇనుము. ఎర్ర ఇటుక కంటే దీంట్లో మోసం ఎక్కువ, పట్టుకోవడం తేలిక. కడ్డీ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి 162తో భాగించండి, మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎంఎం కడ్డీ అయితే 144 బై 162, అంటే 0.89 కిలో. పూర్తి కడ్డీ 12 మీటర్లు, కాబట్టి 10.67 కిలోలు. 8 ఎంఎం అయితే 4.74. కొలతల్లో చిన్న తేడాకు వీలుంది, 12 ఎంఎంకు ఐదు శాతం, 8కి ఏడు. అంతకంటే తగ్గితే ఆ అంగడికి దండం పెట్టి బయటికి రండి. కడ్డీ మీద ఎఫ్ఈ 500డి అని ఉంటుంది, 500 దాని బలం, డి అంటే తెగేముందు ఎక్కువ సాగే గుణం.

5. స్పాంజి ముక్కతో స్లాబ్ పాఠం

ఇప్పుడు బరువు దారికి వద్దాం. వంటింట్లో గిన్నెలు తోమే కొత్త స్పాంజి ఒకటి తీసుకుని, పక్కవైపు అంగుళం దూరంలో నిలువు గీతలు పెన్నుతో గీయండి. రెండు పుస్తకాల మీద వంతెనలా పెట్టి మధ్యలో వేలితో నొక్కండి. పైన గీతలు దగ్గరవుతాయి, కింద దూరమవుతాయి. దగ్గరయ్యే చోట కాంక్రీటు తట్టుకుంటుంది, దూరమయ్యే చోట చీలుతుంది, అందుకే అక్కడ ఇనుము. గదిలో స్లాబ్ అడుగున కడ్డీలు ఉండేది ఇందుకే, అందులోనూ పొట్టి వైపు పోయే కడ్డీలే ముఖ్యం.

ఇప్పుడు స్పాంజిని ఒక చివర బల్లకు అదిమిపట్టి రెండో చివర గాల్లో ఉంచి నొక్కండి. ఈసారి పైగీతలు దూరమవుతాయి. సజ్జ, బాల్కనీ ఇట్లాంటివే, వాటికి ముఖ్యమైన కడ్డీలు పైన ఉండాలి. కాంక్రీటు వేసేటప్పుడు బొచ్చెలు మోసేవాళ్ళు వాటి మీద నడిచి కిందికి తొక్కేస్తారు, పైకి చూస్తే ఏమీ తెలియదు, కింద పోటు పెట్టిన కర్రలు తీసిన రోజున తెలుస్తుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలకు చూపించినా వెంటనే అర్థమైన ఆట ఇది, నాకు మాత్రం నలభై ఏళ్ళకు అర్థమైంది.

చిన్న ఇళ్ళలో మన దగ్గర రెండు పద్ధతులు. ఒకటి గోడల మీదే కప్పు కూర్చునేది, రాతి గోడైనా తొమ్మిదంగుళాల ఇటుక గోడైనా. ఇక్కడ గోడే కాలు. పైఅంతస్తు గోడ కింది గోడ మీదికే రావాలి, ఐదేళ్ళ తర్వాత "హాలు పెద్దది చేద్దాం" అని మధ్య గోడ పడగొట్టకూడదు. ఇంకోటి పిల్లర్ల ఇల్లు. స్లాబ్ బీము మీద, బీము పిల్లరు మీద, పిల్లరు నేలలోని వెడల్పాటి కాంక్రీటు దిమ్మ, అంటే ఫుటింగ్ మీద, గోడలు ఊరికే తెరలు. నేల గట్టిగా ఉండి ఒక్క అంతస్తే చాలనుకుంటే గోడల పద్ధతి సుబ్బరంగా సరిపోతుంది, ఖర్చూ తక్కువే. కానీ ఇప్పుడు పిల్లర్లు లేని ఇల్లంటే పెళ్ళి సంబంధాలు రావేమో అన్నట్టు చూస్తున్నారు. ప్రమాదం రెండూ కలిపి కలగాపులగం చేయడంలో ఉంది: కింద పిల్లరు లేని చోట బీము నడుమన పైఅంతస్తు పిల్లరు లేపడం, ముందు భాగం పిల్లర్లు, వెనక భాగం ఒట్టి గోడలు. ప్లాను కాగితం మీద పై పిల్లరు నుంచి పునాది దాకా పెన్సిలుతో గీయండి, గీత ఎక్కడైనా తెగితే ఇంజనీరును అడగండి.

6. సైటు దొరికేలోపు చదవాల్సినవి

భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ వెబ్‌సైటులో మన ప్రమాణాలు ఉచితంగా దించుకోవచ్చు. ఐఎస్ 456 ఒక్కటి చాలు, అదీ మొత్తం వద్దు, కాంక్రీటు కలపడం, పోయడం, క్యూరింగ్, కర్రలు తీయడం ఉన్న పేజీలు చదవండి. పాలిటెక్నిక్ రెండో ఏడాది పుస్తకాలు సెకండ్ హ్యాండ్‌లో తేలిగ్గా దొరుకుతాయి. ఎన్‌పీటీఎల్‌లో ఐఐటీ వాళ్ళ వీడియో పాఠాలు ఉచితం, ఇంగ్లిషు కాస్త ఓపికగా వినాలి. క్యూబులు (పరీక్షకు పోసే కాంక్రీటు దిమ్మలు), ఇటుకలు, నీళ్ళు పరీక్ష చేయించడానికి దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో అడగండి, ఫీజు కట్టించుకుని చేసేవి ఉన్నాయి.

చదివింది ఎలా వాడాలో ఒక ఉదాహరణ. పిల్లరు అడ్డుకోత వైశాల్యంలో కనీసం 0.8 శాతం ఇనుము ఉండాలని ఐఎస్ 456లో ఒక లైను. మన ఊళ్ళలో మామూలుగా వేసే 9 బై 12 అంగుళాల పిల్లరు వైశాల్యం దాదాపు 69,700 చదరపు మిల్లీమీటర్లు, అందులో 0.8 శాతం 557. నాలుగు 12 ఎంఎం కడ్డీలు కలిపితే 452 మాత్రమే. ఆరు వేస్తే 678. "మేము ఇరవై ఏళ్ళుగా నాలుగే వేస్తున్నాం సార్" అనే మాటకు ఈ లెక్క చూపించండి, కోపంగా కాకుండా. అయితే ఈ లెక్క తప్పు పట్టడానికే. మీ ఇంటికి ఎన్ని కడ్డీలు, ఏ సైజు అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం పెట్టిన డ్రాయింగులోనే రావాలి. అక్కడ మిగుల్చుకునే డబ్బు నాకు ఎవరూ లాభంగా చూపించలేకపోయారు.

7. ఒక్క ఇంటిని పట్టుకుని చివరిదాకా పోవడం

పది సైట్లు ఒక్కోసారి చూడడం కంటే ఒక్క సైటుకు పదిసార్లు పోవడం మేలు. పనిలో ఉన్న బేల్దారి మేస్త్రీని పట్టుకోండి. పొద్దున పని మొదలయ్యేటప్పుడు పోయి ప్రశ్నలు అడిగితే విసుక్కుంటారు, పదకొండు గంటలకు టీ తీసుకుని పొండి. "అన్నా, నాకు నేర్చుకోవాలనుంది, అడ్డం రాను" అని ముందే చెప్పండి. నాకు దొరికిన మేస్త్రీ మొదటి రోజు "నీకెందుకప్పా ఈ దుమ్ము, అంగట్లో ఫ్యాను కింద కూర్చోకుండా" అన్నాడు, నెల తిరిగేసరికి గుండు నా చేతికిచ్చి గోడ పట్టమన్నాడు.

ముగ్గు పోసే రోజు తప్పకుండా ఉండండి. మూల సరిగ్గా ఉందో లేదో చూడడానికి ఒక దారం మీద మూడడుగులు, ఇంకో దారం మీద నాలుగడుగులు గుర్తుపెడితే ఆ రెండు గుర్తుల మధ్య ఐదడుగులు రావాలి. ఇంకా నమ్మకం కావాలంటే ఆరు, ఎనిమిది, పది. చివరికి రెండు ఐమూలలూ కొలిచి సమానమో కాదో చూడండి.

బేస్‌మట్టం ఎత్తు దగ్గర వాస్తు మాటలతో పాటు నీళ్ళ మాట కూడా అడగండి, రోడ్డు ఇంకో రెండు పొరలు లేస్తే మన గడప ఎక్కడుంటుంది, ఈ వీధిలోకి పెద్ద వానకు నీళ్ళు ఎంత ఎత్తున వచ్చాయి అని. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు ఊళ్ళోకి వచ్చింది చూసినవాళ్ళు ఎవరైనా చెప్తారు. గోడ లేస్తుంటే నిలువు అతుకులు వరస మార్చి వరస కలవకుండా ఉన్నాయా, ఎర్ర ఇటుకలు తడిపి వాడుతున్నారా, ఇవి రెండూ చూస్తే చాలు.

స్లాబ్ రోజు మాత్రం సెలవు పెట్టుకుని పొద్దున్నే పొండి. కొబ్బరికాయ కొట్టకముందే పైకెక్కి కడ్డీల కింద వాటిని చెక్క నుంచి ఎత్తిపెట్టే కవర్ బ్లాకులు ఉన్నాయో లేదో చూడండి, స్లాబుకు 20 ఎంఎం, పిల్లరుకు 40, ఫుటింగుకు 50. కంకర రాయి పెట్టి సరిపెట్టేవాళ్ళున్నారు, అది జారిపోతే కడ్డీ చెక్కకు ఆనుకుని, రేపు గాలి, తడి తగిలి తుప్పు పడుతుంది. తర్వాత కాంక్రీటు కలిపే మిషను, అదే మిల్లర్ దగ్గరికి రండి. అనంతపురంలో ఆ రోజు మిల్లర్ నడిపే అబ్బాయి డ్రమ్ములోంచి బకెట్టుతో లెక్కాపత్రం లేకుండా పోస్తున్నాడు. మాలు, అంటే కలిపిన కాంక్రీటు, సాంబారులా జారుతోంది. నేను బకెట్టు పట్టుకున్నా. "నీళ్ళు లేకుంటే మాలు ఎట్లా పారుతాది సార్, మావోళ్ళు లాగలేరు" అన్నాడు. నిజమే, లాగలేరు, కష్టం వాళ్ళది. అందుకే మాలును అదిరించి సర్దే వైబ్రేటర్ ఉన్నది. పదిలీటర్ల బకెట్టు మీద గీత గీసి, ఇసుక తడిగా ఉంది కాబట్టి బస్తాకు రెండున్నర బకెట్లే అని తేల్చుకున్నాం. రెండు గంటలు సణిగారు, మధ్యాహ్నం మటన్ భోజనం దగ్గర మళ్ళీ కలిసిపోయాం. ఎక్కువ పోసిన నీళ్ళు ఆరిపోయాక వాటి జాగాలో సన్నని రంధ్రాలు మిగులుతాయి, బలం అక్కడ పోతుంది, వానాకాలం చెమ్మ అక్కడి నుంచే దిగుతుంది. టీ తాగి వచ్చేసరికి గట్టిపడడం మొదలైన మాలులో మళ్ళీ నీళ్ళు పోసి కలపడం ఇంకా ఘోరం, ఆ మాలు పారేయించండి.

ఆ రోజే మూడు మూడు చొప్పున 150 ఎంఎం క్యూబులు తీసి పెడితే ఏడో రోజు, 28వ రోజు ల్యాబులో నొక్కించొచ్చు. ఎం20 అంటే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు.

క్యూరింగ్ విషయంలో మన ఎండలు ఇంకెవరికీ లేవు. ఓపీసీకి కనీసం ఏడు రోజులు, పీపీసీకైనా ఎండవేడిమి ఎక్కువున్న రోజుల్లోనైనా పది. ఏప్రిల్‌లో అయితే పద్నాలుగు అనుకోండి. స్లాబ్ మీద మాలుతో చిన్న కట్టలు కట్టి నీళ్ళు నిలబెట్టండి, పిల్లర్లకు గోనెపట్టలు చుట్టి తడపండి, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి పైపు చూపిస్తే అది క్యూరింగ్ కాదు. పోసిన తేదీ ప్రతి పిల్లరు మీదా సుద్దతో రాయండి. నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకు కర్రలు ఏడు రోజులకు ముందు, అంతకు మించితే పద్నాలుగు రోజులకు ముందు, ఆరు మీటర్ల లోపు బీముకు పద్నాలుగు రోజులకు ముందు తీయకూడదు. ఈ లెక్క ఓపీసీకి, పీపీసీ అయితే ఇంకాస్త ఆగాలి. గది స్లాబుకు నడిమి నుంచి అంచులకు, సజ్జకు గాల్లో ఉన్న చివర నుంచి గోడ వైపుకు తీసుకుంటూ రావాలి. ఎందుకో స్పాంజిని అడగండి.

ఇక చివరగా నేల. మనకు ఇంటి ముందే దొరికే సరుకు నాపరాయి: కడప బండలు, తాడిపత్రి బండలు, బేతంచెర్ల బండలు. మూడూ సున్నపురాయి కుటుంబమే, బెలుం గుహలు తొలిచింది కూడా ఇట్లాంటి రాతినే, నేలలోకి ఇంకిన వాననీటికి ఉన్న కొద్దిపాటి పులుపుతో. దాన్నిబట్టే అర్థమవుతుంది కదా, పులుపుకు ఈ రాయి కరుగుతుంది. వంటగట్టు మీద నిమ్మకాయ చెక్క బోర్లించి మర్చిపోతే తెల్లవారేసరికి నిమ్మచెక్కంత మచ్చ. కొనే ముందు చిన్న ముక్క తెచ్చుకుని నిమ్మరసం చుక్క వేసి చూడండి. బండ మందం అన్ని మూలలా కొలవండి, వేలితో తట్టుతూ పోతే లోపల పొర విడిన చోట డొల్ల చప్పుడు వస్తుంది. పరిచాక కూడా అట్లాగే తట్టండి, డొల్లగా మోగిన బండ కింద మాలు నిండలేదు, సిమెంటు పాలు ఆరకముందే లేపించి మళ్ళీ వేయించాలి. అంతా అయ్యాక సిమెంటు మరకలు పోగొట్టడానికి ఎవరో ఒకరు యాసిడ్ బాటిల్ పట్టుకుని వస్తారు. మా చెల్లెలి ఇంట్లో వచ్చాడు, మూత కూడా తీశాడు. గుమ్మంలోనే ఆపి, బకెట్టు నీళ్ళు, పీచు చేతికిచ్చాను.